జెడ్4కి టైర్లు: అనంతపురం ఎండకి, బెంగళూరు రోడ్డుకి ఏవి పనికొస్తాయి

తమ్ముడూ, నువ్వు అడిగిందంతా ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటా, తప్పుంటే దిద్దు. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ జెడ్4 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీసుకున్నావు, 2011 మోడల్, 35ఐ. ఉండేది అనంతపురంలో. వారం వారం బెంగళూరు వెళ్లొస్తావు, ఎప్పుడైనా తాడిపత్రి మీదుగా గండికోట వైపు ఒక రౌండ్ వేస్తావు. టైర్లలో బటన్ (నేలకు ఆనే రబ్బరు గాడుల లోతు) ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది, పాత ఓనరేమో ఇంకో రెండేళ్లు ఢోకా లేదన్నాడు, కానీ గుంతలో పడితే నడుము విరుగుతోంది, వాన పడితే వెనక చక్రాలు తోక ఊపుతున్నాయి. మార్చాలా వద్దా, మారిస్తే మిషెలినా ఇంకోటా, రన్‌ఫ్లాటా (గాలి పోయినా కొంతదూరం పోయే రకం) మామూలుదా, పనిలో పనిగా 19 అంగుళాల రిమ్ములు వేయించొచ్చా, చెన్నై రేస్ ట్రాక్‌కి కూడా పోవాలనుంది కాబట్టి సెమీ స్లిక్ (ట్రాక్ కోసం చేసే, గాడులు తక్కువున్న బంక రబ్బరు టైరు) వేస్తే రెండు పనులూ అయిపోతాయా. ఇంతే కదా.

కడపలో ఇరవై ఏళ్లుగా అలైన్‌మెంట్ షెడ్డు నడుపుతున్నా. వచ్చేవాటిలో ముప్పాతిక భాగం బొలేరోలు, ఇన్నోవాలు, క్రెటాలే. కానీ ఇంజిన్ బలం వెనక చక్రాలకు పోయే బీఎండబ్ల్యూల పిచ్చి నాకూ ఉంది, పాత 3 సిరీస్ ఒకటి పదేళ్లు నడిపాను, దాని టైర్ల మీద చేయాల్సిన తప్పులన్నీ చేశాను. కాబట్టి చదివి చెప్పేది కొంత, చేయి కాలి చెప్పేది కొంత.

బ్రాండు గొడవ తర్వాత. ముందు నీ టైర్ల పుట్టినరోజు చూడు. టైరు సైడు మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర, చిన్న గుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం, అంటే జూన్‌లో తయారైందని. ఆ తేదీ టైరుకు రెండు వైపులా ఉండాలని లేదు, ఒక వైపే ఉండొచ్చు, అది నీ దురదృష్టం కొద్దీ లోపలి వైపు ఉండొచ్చు. మన దగ్గర చాలామంది బయటి వైపు వెతికి, కనపడక, "ఈ టైరుకు డేటు లేదంట" అని వదిలేస్తారు. ఉంటుంది. లేకుండా రాదు.

బటన్ 5 మిల్లీమీటర్లు ఉందన్నది మంచి వార్తే, కానీ సగమే వార్త. నీలా వారం వారం తిప్పేవాళ్లు తక్కువ, ఇలాంటి బండ్లు చాలావరకు పాత ఓనర్ల దగ్గర ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగవు, వారమంతా షెడ్డులోనో ఎండలోనో నిలబడే ఉంటాయి. బటన్ అరగదు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. ఎండ, వేడి, గాలిలో ఉండే ఓజోన్, ఇవన్నీ కలిసి రబ్బరును బిగదీస్తాయి, అందులో ఉండే నూనెలు పోతాయి, మెత్తదనం పోతుంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, పైగా అమ్మేటప్పుడు పాలిష్ కొట్టి ఉంటారు. చల్లగా ఉన్నప్పుడు బటన్ మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూడు. కొత్త స్పోర్ట్స్ టైరైతే గోరు కొంచెం దిగి, తీశాక గుర్తు మెల్లగా మాయమవుతుంది. ముసలి టైరైతే ప్లాస్టిక్ డబ్బా మీద నొక్కినట్టు ఉంటుంది. ఇది ల్యాబు పరీక్ష కాదు, కానీ ఇరవై ఏళ్లలో నన్ను పెద్దగా మోసం చేయలేదు. బటన్ల మధ్య గాడుల అడుగున, సైడు మీద వెంట్రుక లాంటి పగుళ్లున్నాయేమో కూడా చూడు.

నా లెక్క ఇది. ఆరేళ్లు దాటితే మన ఎండలకు ఇలాంటి బండిలో ఉంచను, బటన్ ఎంతున్నా సరే. కంపెనీలు పదేళ్లను ఆఖరి గడువు అంటాయి, చల్లటి దేశాల్లో జాగ్రత్తగా నడిపేవాళ్లకు అది నప్పుతుందేమో, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు మామూలైపోయిన అనంతపురంలో, తారు రోడ్డు మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటి కాలే చోట నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఆ 3 సిరీస్‌కి ఒకసారి పెద్ద ఊళ్లో ఒక షాపులో నాలుగు టైర్లు మంచి డిస్కౌంటులో వేయించా. షాపు పేరు అనవసరం. పేరున్న బ్రాండే, కొత్తవే, మీద ఆ చిన్న రబ్బరు వెంట్రుకలు కూడా ఉన్నాయి. రాత్రి ఎనిమిదింటికి బిగించారు, నేనూ ఇంటికి చేరే తొందరలో తేదీ చూడలేదు. టైర్ల పనే చేసేవాణ్ణి, చూడలేదు! తొలకరి వానకి రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నా. వేగం నలభై కూడా లేదు. నెలల తరబడి లారీలు కార్చిన నూనె, దుమ్ము, మీద సన్నగా తడి. ఒక మలుపులో యాక్సిలరేటర్ కొంచెం, నిజంగా కొంచెమే తొక్కా, వెనక భాగం పక్కకు వచ్చేసి బండి అడ్డం తిరిగింది. ఎదురుగా లారీ లేదు కాబట్టి ఇది రాస్తున్నా. తర్వాత బండి పక్కన ఆపి, చేతులు వణుకు తగ్గేదాకా కూర్చొని, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వెనక టైర్లలో ఒకటి ఏడాది కిందటిది, రెండోది ఐదేళ్ల కిందటిది. ఒకే ఇరుసు మీద! గోడౌన్లో మగ్గింది నా నెత్తిన పెట్టారు. ఆ రోజు నుంచి టైరు మిషన్ ఎక్కేముందే నాలుగు అంకెలు నేనే చదువుతాను, నా షెడ్డుకు వచ్చేవాళ్లకూ చదివి వినిపిస్తాను. నువ్వు కూడా డబ్బులు కట్టకముందే నాలుగు టైర్ల తేదీలు ఫొటో తీసి పంపమను. ఏడాది లోపువైతే కళ్లు మూసుకుని తీసుకో, రెండేళ్లు దాటితే వేరేవి అడుగు. స్పోర్ట్స్ సైజులు మన దగ్గర మెల్లగా అమ్ముడవుతాయి, దానికితోడు 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక కొన్ని సైజులు దొరకడమే గగనమైంది, "ఇదొక్క సెట్టే ఉంది సార్" అన్నప్పుడు దాని తేదీ మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇప్పుడు సైజు. నీ బండికి 18 అంగుళాల రిమ్ములైతే ముందు 225/40 ఆర్18 (225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 40 శాతం సైడు ఎత్తు, 18 అంగుళాల రిమ్ము), వెనక 255/35 ఆర్18 ఉండాలి, డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, సరిచూసుకో. ముందు వెనక వెడల్పులు వేరు కాబట్టి టైర్లు ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు. వెనకవి ఎప్పుడూ ముందే అరుగుతాయి, అది నీ కుడికాలి పుణ్యం.

సైజు పక్కన 88డబ్ల్యూ, 90డబ్ల్యూ లాంటివి ఉంటాయి. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 90 అంటే 600. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా, వై అంటే 300, వి అంటే 240. నువ్వు బెంగళూరు పోయే ఎన్‌హెచ్ 44 హైవే మీద కారుకు 100 దాకానే అనుమతి, మరి 270 టైరు నాకెందుకు, వి రేటింగుది చవగ్గా వస్తుంది కదా అని నువ్వు అడుగుతావు, నా దగ్గరికొచ్చే ప్రతివాడూ అడుగుతాడు. ఆ అక్షరం నిజానికి వేగం గురించి కన్నా వేడి గురించి ఎక్కువ చెబుతుంది. టైరు తిరిగే ప్రతిసారీ నేలకు ఆనిన చోట అణగి మళ్లీ లేస్తుంది, ఆ అణగడం లేవడంలోనే లోపల వేడి పుడుతుంది. అంత వేగానికి పుట్టే వేడిని తట్టుకునేలా లోపలి నైలాన్, స్టీలు పట్టీలు కట్టి ఉంటారు. పెనుకొండ దాటాక మిట్టమధ్యాహ్నం, గాలి నాలుగైదు పీఎస్ఐ తక్కువుండి, నువ్వు వంద మీద గంటసేపు పోతే ఆ మిగులు అక్కడ అక్కరకొస్తుంది. అయినా నీ బండి 306 గుర్రాలది, 250 దాకా పోగలది, 240 టైరు వేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్ల ముందు నువ్వే సంజాయిషీ చెప్పుకోవాలి. డబ్ల్యూ లేదా వై, అంతకు దిగొద్దు.

ఈ సైజుల్లో ఇప్పుడు దొరికేవి చాలావరకు 92వై, 94వై, ఎక్స్‌ఎల్ అని ఉంటాయి. అంటే అదనపు బరువు మోసేవి. వేసుకోవచ్చు, మంచిదే. కాకపోతే ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువు మోయాలంటే గాలి కూడా కాస్త ఎక్కువ అడుగుతుంది, కాబట్టి స్టిక్కర్ మీద ఉన్న దానికన్నా గాలి తగ్గించి నడపడం మానెయ్.

19 అంగుళాలు వద్దు. ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూపిస్తా. ఇప్పుడు నీ ముందు టైరు సైడు ఎత్తు 225లో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. 19కి పోతే చక్రం మొత్తం ఎత్తు మారకుండా ఉండాలంటే 225/35 వేయాలి, సైడు ఎత్తు 79కి పడిపోతుంది. వెనక 255/30, అంటే 76న్నర. రోడ్డు మీద గుంతకూ రిమ్ముకూ మధ్య నీకున్న పరుపు ఆ సైడే. ఇప్పటికే నడుము నొప్పి అంటున్నవాడివి ముందూ వెనకా పదకొండు నుంచి పదమూడు మిల్లీమీటర్ల పరుపు డబ్బులిచ్చి మరీ కోయించుకుంటావా? మన ఊళ్లలో పెయింట్ లేని స్పీడు బ్రేకర్లు, గ్రామాల దగ్గర సిమెంటు రోడ్డూ తారు రోడ్డూ కలిసే చోట మెట్లు, ఇవన్నీ ఎక్కడ ఉంటాయో మన ఇంటి దేవుడికి కూడా తెలియదు. రిమ్ము వంగితే కొట్టి సరిచేసేవాళ్లున్నారు, కానీ టైరు సైడు మీద కోడిగుడ్డంత బుడిపె లేచిందంటే లోపల దారాలు తెగాయని, దానికి మందు లేదు, మార్చడమే. ఫొటోల్లో 19 బాగుంటుంది, ఒప్పుకుంటా.

రన్‌ఫ్లాట్ సంగతి. నీ జెడ్4 ఫ్యాక్టరీ నుంచి రన్‌ఫ్లాట్లతోనే వచ్చింది, అందుకే స్టెప్నీ లేదు, పెట్టుకోవడానికి చోటూ లేదు. రన్‌ఫ్లాట్ సైడు మందంగా, గట్టిగా ఉంటుంది, గాలి మొత్తం పోయినా గంటకు 80 మించకుండా ఓ 80 కిలోమీటర్లు పోవచ్చు. ఒక్కో కంపెనీ ఒక్కో గుర్తు వేస్తుంది, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ జెడ్‌పీ, కాంటినెంటల్ ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ ఆర్‌ఓఎఫ్. సైడు మీద చిన్న నక్షత్రం ఉంటే బీఎండబ్ల్యూ తన బండ్లకు ఒప్పుకున్న టైరని అర్థం. ఇప్పుడు నీ బండి మీద ఉన్నవి అవే అయ్యుంటాయి, నీ నడుము నొప్పిలో సగం వాటిదే. ముసలి రన్‌ఫ్లాట్ అంటే చెక్క చక్రమే.

నేనైతే మామూలువి వేస్తా. నీ తిరుగుడు ఎక్కువ ఎన్‌హెచ్ 44 మీద, పగటిపూట, పది కిలోమీటర్లకు ఒక పంచర్ షాపు. మామూలు టైరు వేస్తే బండి గుంతల్లో మెత్తగా పోతుంది, ఎంచుకోవడానికి మోడళ్లు కూడా ఎక్కువ. కానీ దానికి నువ్వు ఒక క్రమశిక్షణ పాటించాలి. డిక్కీలో చిన్న కంప్రెసర్, పంచర్ స్ట్రిప్పుల కిట్టు, టార్చి, ఒక జత గ్లౌజులు ఎప్పుడూ ఉండాలి, స్ట్రిప్ వేయడం ఇంటి దగ్గర పాత టైరు మీద ఒకసారి నేర్చుకో. గాలి తగ్గిన సిగ్నల్ వస్తే "ఇంకో కిలోమీటరే కదా" అని పోవద్దు, రన్‌ఫ్లాట్ కాని 35 ప్రొఫైల్ టైరు గాలి లేకుండా అర కిలోమీటరు పోయినా లోపల సైడు నలిగి పొడి రాలుతుంది, ఆ తర్వాత పంచర్ వేసినా అది టైరు కాదు. ఇవన్నీ నా వల్ల కాదు, రాత్రిపూట ఒంటరిగా పోతుంటాను అంటే రన్‌ఫ్లాటే వేసుకో, సిగ్గు పడాల్సిందేం లేదు. రెండు ముందు, రెండు వెనక కలగాపులగం మాత్రం చేయొద్దు.

తాడిపత్రి రోడ్డు గురించి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ బండల ఫ్యాక్టరీల ట్రాక్టర్ల నుంచి రాలే నల్లబండ ముక్కలు గాజు పెంకుల్లా ఉంటాయి, రోడ్డు అంచున పోగై ఉంటాయి. లారీకి దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలు మట్టిలోకి దింపావంటే సైడు కోసేస్తాయి. సైడులో కోత పడితే ఏ టైరుకూ పంచర్ వేయకూడదు, బటన్ ఉన్న మధ్య భాగానికే వేయాలి. ఇంకోటి, పంటల కాలంలో కంది కట్టె, ఉలవ కట్టె వాహనాలు తొక్కుతాయని రోడ్డు మీద పరుస్తారు. నున్నటి టైరైనా కొత్త టైరైనా దాని మీద బ్రేకు వేస్తే పట్టు ఉండదు, నీ బండి ఎత్తేమో తక్కువ, కట్టె కింద సైలెన్సర్‌కు చుట్టుకుని పొగ రావడం నేను కళ్లారా చూశా. పరిచింది కనపడగానే వేగం తగ్గించి, వీలైతే పక్క నుంచి పో.

ఇక ఏ రకం. సమ్మర్ టైరు అంటే ఎండాకాలం టైరని మనవాళ్లు అనుకుంటారు, చలి దేశాల వింటర్ టైరుకు ఎదురుగా పెట్టిన పేరది. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు పైన ఉన్నంతకాలం పనిచేసే రబ్బరు అని అర్థం, అంటే మనకు పన్నెండు నెలలూ. ఆల్ సీజన్ టైరు మంచు కోసం రాజీపడి చేసింది, మన వేడికి మెత్తబడి మలుపుల్లో జారినట్టు అనిపిస్తుంది, మనకెందుకు. కాబట్టి రోడ్డు స్పోర్ట్స్ సమ్మర్ టైరు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, 4ఎస్, ఆ తర్వాత వచ్చిన 5, వీటిలో నీ రెండు సైజులూ ఒకే మోడల్‌లో, తాజా తేదీతో ఏది దొరికితే అది. స్టీరింగ్‌కు వెంటనే స్పందిస్తాయి, సగం అరిగాక కూడా వానలో పరువు కాపాడతాయి, అది నాకు నచ్చుతుంది. కాంటినెంటల్ తడిలో బాగా పట్టుకుంటుంది, చప్పుడు తక్కువ. గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా, యోకొహామా అడ్వాన్, ఏవీ చెడ్డవి కావు. బడ్జెట్ బిగుసుకుంటే వ్రెడెస్టైన్ అల్ట్రాక్ చూడు, అది నెదర్లాండ్స్ బ్రాండు, 2009లో మన అపోలో కొనేసింది. ఈ పేర్ల మధ్య తేడా కన్నా నాలుగు నెలల కిందటి టైరుకూ నాలుగేళ్ల కిందటి టైరుకూ మధ్య తేడా మన రోడ్ల మీద పెద్దది. ముందొక మోడల్, వెనకొక మోడల్ వేసి మాత్రం నాకు ఫోన్ చేయొద్దు.

సైడు మీద ట్రెడ్‌వేర్ అని 300 అనో 180 అనో ఉంటుంది. ఎక్కువుంటే ఎక్కువ కాలం వస్తుంది, తక్కువుంటే ఎక్కువ అతుక్కుంటుంది. ఆ అంకె కంపెనీ తనకు తాను వేసుకునేదే, కాబట్టి ఒకే కంపెనీలో రెండు మోడళ్లు పోల్చడానికి పనికొస్తుంది, వేరే కంపెనీలకు పోల్చితే మోసపోతావు. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, అదే మిషెలిన్ కప్ 2కి 180. ఆ కప్ 2 లాంటివే నువ్వు అడిగిన సెమీ స్లిక్‌లు. బటన్ లోతు తక్కువ, గాడులు తక్కువ, నీళ్లు నిలిచిన రోడ్డు మీద పడవే. పైగా ఆ బంక రబ్బరు వేడెక్కితే తాడిపత్రి రోడ్డు మీద కంకర మొత్తం ఏరుకుని నీ ఫెండర్లకు కొడుతుంది. ఏడాదికి రెండుసార్లు చెన్నై ట్రాక్ కోసం మూడొందల అరవై మూడు రోజులు బాధపడకు. మొదటి రెండు మూడు ట్రాక్ రోజులు మామూలు స్పోర్ట్స్ టైరుతోనే పో, టైరు కన్నా ముందు నీ బ్రేకులు చేతులెత్తేస్తాయి. పిచ్చి ముదిరితే అప్పుడు వేరే రిమ్ముల సెట్టు కొందువు.

గాలి. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి, అదొక్కటే నిజమైన రీడింగు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున అనంతపురంలో 34 పెట్టుకుని బయలుదేరితే కర్ణాటక సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గరికి నలభై చూపించొచ్చు, అది టైరు తప్పు కాదు, అలాగే ఉండాలి. అక్కడ భయపడి గాలి తీయించావంటే మళ్లీ చల్లారాక 28కి పడిపోతుంది, తిరుగు ప్రయాణంలో అదే టైరును కాలుస్తుంది. ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలి అని పెట్రోలు బంకు కుర్రాడు చెబుతాడు, వినకు. నైట్రోజన్ కొట్టిస్తే కొట్టించు, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. సొంతంగా ఒక మంచి గేజు కొనుక్కోవడం దానికన్నా మేలు.

బిగించేది ఎక్కడ అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లక్ష రూపాయల సరుకు తీసుకొచ్చి లారీ టైర్లకు గడ్డపారలు వేసే చోట ఇచ్చి రిమ్ము అంచులు కొరికించుకోవడం, ఇంత బతుకు బతికి ఇంటెనకాల చచ్చినట్టు ఉంటుంది. ఇలాంటి తక్కువ సైడు టైర్లకు, ముఖ్యంగా రన్‌ఫ్లాట్లకు, పక్క నుంచి నొక్కే సహాయ చేతులున్న మిషన్ ఉండాలి. బెంగళూరులో కొంటే అక్కడే బిగించుకో. "అవుట్‌సైడ్" అని రాసున్న వైపు బయటికే రావాలి, నిలబడి చూసుకో, వాల్వులు కొత్తవి వేయించు, బ్యాలెన్సింగ్, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ అదే రోజు చేయించు. పాత వెనక టైర్లు పారేసేముందు లోపలి అంచు చేత్తో తడిమి చూడు. బయట 5 మిల్లీమీటర్లు ఉండి లోపల గుండయి ఉంటే నీ తోక ఊపుడుకు సగం కారణం అక్కడే దొరికింది, అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం నాకు పంపు. బోల్టులు గన్నుతో ఇష్టమొచ్చినట్టు కాదు, బిగువు కొలిచే టార్క్ పానాతో 120 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది, మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది.

అన్నిటికన్నా ముందు ఆ తేదీలు చూసి చెప్పు. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి వైపు కనపడుతుంది. వెనక వాటికి సెల్‌ఫోన్ ఫ్లాష్ వేసి, చేయి కిందికి పెట్టి టైరు లోపలి వైపు వీడియో తీయి, బండి కొంచెం కొంచెం ముందుకు జరిపి మళ్లీ తీయి, మూడోసారికి దొరుకుతుంది. జాకీ ఎక్కించి కింద దూరదామనుకోకు, స్టెప్నీ లేని ఆ బండిలో జాకీ కూడా ఇచ్చి ఉండరు.